పెంగ్విన్ గుడ్డు కోసం వెళ్లిన డాక్టర్

ఏ పక్షి అయినా గుడ్డు పెట్టడానికి మంచి కాలం చూసుకుంటుంది. చూరులో పిచ్చుకైనా, చెరువు గట్టు చెట్టు మీద కొంగైనా పిల్లలకు మేత దొరికే రోజులు చూసే గూడు కడతాయి. అంటార్కిటికాలోని ఎంపరర్ పెంగ్విన్ మాత్రం లెక్క తలకిందులుగా వేస్తుంది. సూర్యుడే కనిపించని చలికాలం నడిమధ్యలో, గూడన్నది లేకుండా, గడ్డకట్టిన సముద్రం మీద నిలబడి ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. ఎందుకిలా? ఈ ప్రశ్న వెంటపడి ప్రాణం మీదికి తెచ్చుకున్న ఒక డాక్టరు గురించి ఈ వారం చెప్పుకుందాం. ఆయన పేరు ఎడ్వర్డ్ ఏడ్రియన్ విల్సన్. స్కాట్ దక్షిణ ధ్రువ యాత్ర గురించి చదివిన వాళ్లకు ఈ పేరు తగిలే ఉంటుంది. అయితే ఆ పుస్తకాల్లో ధ్రువం కథే ఎక్కువ, పెంగ్విన్ల కథ తక్కువ. మాకు రెండోదే ఇష్టం.

విల్సన్ 1872 జులై 23న ఇంగ్లండ్‌లోని చెల్టెన్‌హామ్‌లో పుట్టారు. తండ్రి వైద్యుడు. పొలాల వెంట తిరిగి పక్షుల్ని చూడటం, ఇంటికొచ్చి వాటి బొమ్మలు గీయడం చిన్నప్పటి నుంచీ ఆయనకు అలవాటు. కేంబ్రిడ్జిలో ప్రకృతి శాస్త్రాలు, లండన్‌లో వైద్యం చదివారు. చదువుతూనే సాయంత్రాలు బాటర్సీ అనే పేదవాడలో పిల్లల మధ్య సేవ చేసేవారు. అక్కడే క్షయ పట్టుకుంది. ఆ రోజుల్లో క్షయకు మందు లేదు. చల్లటి, శుభ్రమైన గాలి పీల్చుతూ విశ్రాంతి తీసుకోవడమే వైద్యం. నార్వేలో, స్విట్జర్లాండులో నెలల తరబడి ఉండి కోలుకున్నారు. ఊరికే పడుకోలేదు, అక్కడా మంచునూ పక్షులనూ గీస్తూనే ఉన్నారు.

1901లో కెప్టెన్ స్కాట్ డిస్కవరీ ఓడలో అంటార్కిటికా బయల్దేరుతున్నప్పుడు విల్సన్‌ను వైద్యుడిగా, జంతుశాస్త్రవేత్తగా, చిత్రకారుడిగా ఎంచుకున్నారు. ఒక్క మనిషికి మూడు ఉద్యోగాలు. పరీక్షించిన వైద్యులు మాత్రం ఊపిరితిత్తుల మచ్చలు చూసి పంపకూడదన్నారు. ఏం జరిగినా బాధ్యత తనదేనని ఓడెక్కారు. అప్పటికి ఓరియానాతో పెళ్లయి మూడు వారాలే.

మంచు మీద ఆయన పని పద్ధతి గమనించదగ్గది. చేతి తొడుగు తీస్తే వేళ్లు కొయ్యబారిపోతాయి, రంగునీళ్లు గడ్డకడతాయి. అందుకే బయట పెన్సిలుతో గబగబా గీత గీసి, ఎక్కడ ఏ రంగో మాటల్లో రాసుకునేవారు. తర్వాత లోపల దీపం దగ్గర కూర్చుని రంగులు వేసేవారు. స్కాట్, షాకిల్టన్‌లతో కలిసి 1902 చివర్లో దక్షిణంగా చాలా దూరం నడిచినప్పుడు, మంచు మీది వెలుగుకు కళ్లు మండిపోయి చూపు ఆనలేదు. అయినా కళ్లకు గంతలు కట్టుకుని బండి లాగారు. చిత్రకారుడికి అంతకంటే పెద్ద భయం ఏముంటుంది!

ఆ యాత్రలోనే, 1902 అక్టోబరులో, ఓడ ఇంజనీరు స్కెల్టన్ బృందం రాస్ దీవి తూర్పు చివర కేప్ క్రోజియర్ దగ్గర ఎంపరర్ పెంగ్విన్ల కాలనీని కనుక్కుంది. వాళ్లు వెళ్లేసరికే పిల్లలు ఉన్నాయి. మరుసటి ఏడు ఇంకా ముందుగా, సెప్టెంబరులో, విల్సన్ స్వయంగా వెళ్లారు. అప్పటికీ పిల్లలు గుడ్లలోంచి బయటికొచ్చేశాయి. వెనక్కి లెక్కవేస్తే గుడ్డు పెట్టేది నడి చలికాలంలోనే అని తేలింది. అంతకుముందు ఈ సంగతి ఎవరికీ తెలియదు.

ఆయన అక్కడ చూసినవి ఇప్పటికీ చదవదగ్గవి. పెంగ్విన్ పిల్ల తల్లి లేదా తండ్రి పాదాల మీద నిలబడుతుంది. పొట్ట కింద వేలాడే చర్మపు మడత దాన్ని దుప్పటిలా కప్పుతుంది. కంగారూకు ఉన్నట్టు సంచి ఏమీ కాదది. పిల్లలు లేని పెద్దవాటికి పిల్లను పొదువుకోవాలన్న ఆరాటం ఎంతంటే, ఒక్క పిల్ల పాదాల మీంచి జారిందంటే పది పెద్దవి దాని మీద పడి లాక్కుంటాయి. ఆ గొడవలో చచ్చిపోయే పిల్లలూ ఉంటాయి. చచ్చి గడ్డకట్టిన పిల్లను కూడా వదలకుండా పాదాల మీదే పెట్టుకున్న పక్షుల్ని ఆయన చూశారు.

నడి చలికాలంలోనే గుడ్డెందుకన్న ప్రశ్నకు జవాబు కూడా విల్సన్‌కు దాదాపుగా అందింది. ఎంపరర్ పెద్ద పక్షి. మూడున్నర అడుగుల పైన ఎత్తు, 22 నుంచి 45 కిలోల దాకా బరువు. అంత పక్షి పిల్ల ఎదగడానికి అయిదు నెలలు కావాలి. డిసెంబరు, జనవరి వస్తే కాళ్ల కింది మంచు విరిగిపోతుంది. సముద్రంలో మేత పుష్కలంగా ఉండేదీ అప్పుడే. ఆ వేళకు పిల్ల ఈతకు సిద్ధమవ్వాలంటే గుడ్డు చలికాలంలో పెట్టక తప్పదు.

ఇంగ్లండ్ తిరిగొచ్చాక పెంగ్విన్ల మీద నివేదిక రాశారు. తర్వాత గ్రౌస్ అనే అడవి కోళ్లు గుంపులుగా ఎందుకు చస్తున్నాయో కనుక్కునే పని ఒప్పుకున్నారు. వందల పక్షుల్ని కోసి చూసి, పేగుల్లోని సన్నటి పురుగే కారణమని తేల్చారు. మధ్యలో షాకిల్టన్ తన యాత్రకు రమ్మని పిలిస్తే, ఒప్పుకున్న పని పూర్తికాలేదని వెళ్లలేదు. 1910లో స్కాట్ టెర్రా నోవా ఓడలో మళ్లీ బయల్దేరినప్పుడు మాత్రం వెళ్లారు. చూడలేకపోయిన ఆ గుడ్లు మనసులో ఉన్నాయి మరి.

ఆ రోజుల్లో ఒక సిద్ధాంతం చాలామంది నమ్మేవారు. గుడ్డులో పిండం పెరిగేటప్పుడు తన పూర్వీకుల రూపాలన్నీ ఒక్కొక్కటిగా దాటుకుంటూ వస్తుందని దాని సారాంశం. పెంగ్విన్ అన్నిటికంటే పాతకాలపు పక్షి అని కూడా అనుకునేవారు. కాబట్టి ఎంపరర్ పిండాన్ని లేత దశలో చూస్తే, సరీసృపాల పొలుసు పక్షి ఈకగా ఎలా మారిందో కనబడుతుందని విల్సన్ ఆశ. అందుకు గుడ్డు తాజాగా కావాలి. అంటే చలికాలంలోనే వెళ్లాలి.

1911 జూన్ 27న విల్సన్, బోవర్స్, చెర్రీ-గారార్డ్ ముగ్గురూ రెండు బండ్ల మీద 340 కిలోలకు పైగా సామాను లాగుతూ కేప్ ఎవాన్స్ నుంచి బయల్దేరారు. కేప్ క్రోజియర్ సుమారు వంద కిలోమీటర్లు. ఏప్రిల్ చివర్లో అస్తమించిన సూర్యుడు ఆగస్టు చివరిదాకా రాడు, అంతా చీకటే. మంచు ఇసుకలా గరగరలాడి బండి కదలక, ఒక్కో బండిని కొంతదూరం లాగి వెనక్కి వచ్చి రెండోదాన్ని లాగారు. మన ఇంటి ఫ్రిజ్‌లో ఐస్ గది మైనస్ 18 డిగ్రీలు ఉంటుంది. వాళ్ల థర్మామీటరు ఒక రోజు మైనస్ 60 దాటింది. గుడారంలోంచి బయటికి వచ్చి తల ఎత్తి చూసిన చెర్రీ-గారార్డ్ బట్టలు అలాగే బిగుసుకుపోయి, గంటల తరబడి తల దించుకోలేక ఆ భంగిమలోనే బండి లాగారు.

చేరడానికి 19 రోజులు పట్టింది. రాళ్లతో గోడలు కట్టి, పైన గుడ్డ కప్పి చిన్న గది చేసుకున్నారు. మంచు కొండల సందుల్లోంచి దిగి పెంగ్విన్ల దగ్గరికి చేరితే, మునుపు వేలల్లో ఉన్నచోట వంద మాత్రమే కనిపించాయి. గుడ్డు లేని కొన్ని పక్షులు గుండ్రటి మంచుగడ్డల్ని పాదాల మీద పెట్టుకుని పొదుగుతున్నాయి! అయిదు గుడ్లు తీసుకున్నారు. చెర్రీ-గారార్డ్‌కు చూపు తక్కువ, ఆ చలిలో కళ్లద్దాలు పెట్టుకునే వీల్లేదు. చీకట్లో పడిపోయి తన దగ్గరున్న రెండూ పగలగొట్టుకున్నారు. మిగిలినవి మూడు.

తర్వాత తుఫాను వచ్చింది. ముందు గుడారం ఎగిరిపోయింది, ఆ తర్వాత గది పైకప్పు చిరిగి పీలికలైంది. అది జులై 23, విల్సన్‌కు 39 నిండిన రోజు. ముగ్గురూ పడక సంచుల్లో మంచు కింద పడుకుని పాటలు పాడుకున్నారు. గుడారం లేకుండా వెనక్కి చేరడం కుదరదని ముగ్గురికీ తెలుసు. గాలి తగ్గాక బోవర్స్ వెతికితే అది కొండ అడుగున దొరికింది. ఆగస్టు 1న స్థావరానికి చేరారు.

అదే చలిని పెంగ్విన్ ఎలా తట్టుకుంటుంది? దట్టమైన ఈకలు ఒకదాని మీద ఒకటి పెంకుల్లా పడి గాలిని లోపలికి రానివ్వవు. చర్మం కింద కొవ్వు పొర. కాళ్లలోకి వెళ్లే వేడి రక్తనాళం, తిరిగొచ్చే చల్లటి నాళం పక్కపక్కనే ఉండటంతో వేడి కాళ్లలోకి పోకుండా మధ్యలోనే వెనక్కి మళ్లుతుంది. వీటన్నిటికీ మించింది గుంపు. వందల పక్షులు ఒకదానికొకటి ఆనుకుని నిలబడతాయి. గాలివైపు నిలబడ్డవి నెమ్మదిగా గుంపు పక్కనుంచి నడిచి అవతలివైపుకు చేరతాయి. అలా ప్రతిదానికీ బయటి చలి, లోపలి వెచ్చదనం వంతులవారీగా వస్తాయి. విల్సన్‌కు తెలియని ముఖ్యమైన విషయం ఒకటుంది. గుడ్డు పెట్టిన వెంటనే తల్లి దాన్ని తండ్రికి అప్పగించి సముద్రానికి వెళ్లిపోతుంది. తండ్రే రెండు నెలలకు పైగా పొదుగుతుంది. సముద్రం వదిలి వచ్చిన నాటినుంచి లెక్కిస్తే నాలుగు నెలలు తిండే ఉండదు, ఒంటి బరువులో దాదాపు సగం కరిగిపోతుంది. ఇదంతా 1950ల్లో, కాలనీ పక్కనే చలికాలం గడిపిన ఫ్రెంచి పరిశోధకుల వల్ల స్పష్టమైంది.

నీళ్లలో మాత్రం ఇదే పక్షి వేరే జీవి. రెక్కలు తెడ్లు, తోకా కాళ్లూ చుక్కాని. ఎముకలు ఎగిరే పక్షులవిలా బోలుగా కాక గట్టిగా ఉంటాయి కాబట్టి మునగడం తేలిక. అర కిలోమీటరు లోతుకు వెళ్లిన ఎంపరర్లున్నాయి. పైకి వచ్చేటప్పుడు ఈకల్లో దాచుకున్న గాలిని సన్నటి బుడగలుగా వదులుతుంది. ఆ బుడగలు నీటి రాపిడిని తగ్గిస్తాయి. బాణంలా మంచు మీదికి దూకగలగడం దాని వల్లే.

విల్సన్, బోవర్స్ ఆ గుడ్ల ఫలితం చూడలేదు. ఇద్దరూ స్కాట్ వెంట 1912 జనవరిలో ధ్రువానికి చేరారు. అముండ్‌సెన్ అప్పటికే నెల రోజుల ముందు చేరిపోయారు. తిరుగు దారిలో, తిండి తగ్గి కాళ్లు ఈడుస్తున్న స్థితిలో కూడా విల్సన్ ఒక కొండ దగ్గర ఆగి ఆకుల అచ్చులున్న రాళ్లు ఏరారు. మార్చి చివర్లో స్కాట్, విల్సన్, బోవర్స్ ఒకే గుడారంలో చనిపోయారు. వాళ్ల బండి మీద 16 కిలోల రాళ్లు అలాగే ఉన్నాయి. అందులో గ్లోసాప్టెరిస్ అనే, 25 కోట్ల సంవత్సరాలకు పైబడిన మొక్క ఆకులు దొరికాయి. ఒడిశాలోని తాల్చేరులోనో మహారాష్ట్రలోని చంద్రాపూర్‌లోనో ఈ పేజీ చదివే పిల్లలు గమనించాలి: మీ ఊరి బొగ్గు పొరల్లోనూ, తెలంగాణలో సింగరేణి గనుల్లోనూ అదే మొక్క ఆనవాళ్లున్నాయి. ఒకప్పుడు ఈ నేలలన్నీ కలిసి ఉన్న ఖండానికి గోండ్వానా అన్న పేరు మన గోండుల నేల నుంచే వచ్చింది.

గుడ్ల సంగతికొస్తే, చెర్రీ-గారార్డ్ వాటిని 1913లో లండన్ మ్యూజియంలో అప్పగించారు. పరిశీలన నివేదిక అచ్చయ్యేసరికి 1934 వచ్చింది. పొలుసుకూ ఈకకూ ఉన్న సంబంధం గురించి ఆ పిండాలు పెద్దగా ఏమీ చెప్పలేదు. పిండం పూర్వీకుల రూపాలు దాటుతుందన్న సిద్ధాంతం అప్పటికే బలహీనపడింది. పెంగ్విన్ అన్నిటికంటే పాత పక్షి అన్నదీ నిజం కాదు, ఎగిరే పక్షుల నుంచే అది వచ్చింది. ఈ లెక్కన గుడ్ల యాత్ర వృథా అనేవాళ్లున్నారు. మేం అలా అనుకోవడం లేదు. సిద్ధాంతం తప్పినా, పాదాల మీది పిల్ల, చర్మపు మడత, చలికాలపు లెక్క, ఆయన కళ్లతో చూసి రాసినవేవీ తప్పలేదు.

ఆ మూడు గుడ్లు లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం సేకరణలో ఇప్పటికీ ఉన్నాయి. 1957లో ఎడ్మండ్ హిల్లరీ బృందం కేప్ క్రోజియర్ వెళ్లినప్పుడు ఆ రాతి గది గోడలు కనిపించాయి. దాన్ని ఇప్పుడు చారిత్రక స్థలంగా కాపాడుతున్నారు. దానికి దిగువన, సముద్రపు మంచు మీద, ఎంపరర్లు చలికాలంలో గుడ్డు పెట్టడానికి ఇంకా వస్తూనే ఉన్నాయి.