డాక్టరు కార్టర్ వుడ్సన్ జీవితము

తమ పూర్వుల చరిత్రము బడిలో చెప్పబడని పిల్లలు తమకు చరిత్రమే లేదని తలంచుట సహజము. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని నల్లజాతి పిల్లలు అనేక తరములవరకు ఇట్టి దురవస్థలో నుండిరి. వారు చదివిన పాఠ్యపుస్తకములలో వారి జాతివారు బానిసలుగా మాత్రమే కానవచ్చుచుండిరి. కొన్నిటిలో అదియును లేదు. ఈ లోటును తీర్చుటకై తన జీవితమును ధారపోసిన కార్టర్ గాడ్విన్ వుడ్సన్ అను చరిత్రకారుని గూర్చి మా పాఠకులకు కొంత తెలుపగోరుచున్నాము. ఏటేట ఫిబ్రవరి మాసమున ఆ దేశపు పట్టణములలో నల్లజాతి చరిత్రోత్సవములు జరుగుచుండుట పలువు రెరిగినదే గాని, వానికి మూలపురుషుడు ఒకప్పుడు బొగ్గుగనిలో కూలివాడని యెరిగినవారు కొందరే.

వుడ్సన్ 1875వ సంవత్సరము డిసెంబరు 19వ తేదీని వర్జీనియా రాష్ట్రములో న్యూ కాంటన్ అను పల్లెయొద్ద జన్మించెను. ఆయన తల్లిదండ్రు లిరువురును పూర్వము బానిసలు. బానిసత్వము రద్దయి అప్పటికి పదియేండ్లు మాత్రమే గడచినవి. తండ్రి వడ్రంగమును సేద్యమును చేసి కుటుంబమును పోషించెడివాడు. చదువను వ్రాయను రానివాడు. అయినను ఎవరు చేసిన అవమానమునైనను తలవంచి యంగీకరింపరాదని బిడ్డలకు గట్టిగా బోధించెను. ఊరిబడి సంవత్సరమున కొద్ది మాసములే జరిగెడిది; పొలముపనులు మిక్కుటమైనప్పుడు ఆ మాసములును పూర్తిగా దక్కెడివి కావు. ఆ బడిలో పాఠములు చెప్పినవారు ఆయన మేనమామలే. అచట నేర్చిన అక్షరములతో బాలుడు వార్తాపత్రికలను తండ్రికి చదివి వినిపించుచుండెను.

ఇరువదియేండ్లు నిండకమునుపే వుడ్సన్ పశ్చిమ వర్జీనియాకు బోయి, మొదట రైలుదారి పనిలోను, పిమ్మట ఫేయెట్ ప్రాంతపు బొగ్గుగనులలోను కూలికి కుదిరెను. అచట ఆయనకు ఆలివర్ జోన్సు అను తోడి పనివాని స్నేహము లభించెను. జోన్సు అంతర్యుద్ధమున పోరాడిన సైనికుడు. తనకు చదువు రాకపోయినను పుస్తకములయెడ అమితమైన మక్కువ గలవాడు. నల్లజాతివారు వ్రాసిన గ్రంథములను సంపాదించి యింట భద్రపరచుకొనెను. పనిదీరి గనినుండి పైకి వచ్చిన కూలీలకు ఆయన యిల్లే రచ్చబండ. పండ్లును, ఐస్‌క్రీమును అచట అమ్మబడుచుండెను. వుడ్సనుకు చదువు వచ్చునని తెలిసికొని జోన్సు ఒక యొడంబడిక చేసికొనెను: దినదినము పత్రికలు చదివి వినిపించినచో తినుబండారములకు వెల యియ్యనక్కరలేదు. వుడ్సన్ చదువుచుండగా ఆ ముదుసలి సైనికులు తాము చూచిన యుద్ధమును, తాము పడిన పాట్లను చెప్పుకొనుచు, దేశవ్యవహారములను గూర్చి వాదించుకొనుచుండిరి. వారి మాటలలో నున్నది అచ్చుపుస్తకములలో లేదు. తన జాతి పూర్వచరిత్రమును శోధింపవలెనను కోరిక ఆయనకు అచటనే దృఢపడెను. మా యభిప్రాయమున ఆయన చదివిన మొదటి కళాశాల యిదియే.

1895లో, ఇరువదియేండ్ల వయస్సున, ఆయన హంటింగ్టన్ పట్టణపు డగ్లస్ హైస్కూలులో చేరి, తనకంటె చాల చిన్నవారి సరసన కూర్చుండి, రెండేండ్లలో చదువు ముగించెను. 1900లో అదే పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడై తిరిగివచ్చెను. 1903లో కెంటకీ రాష్ట్రములోని బెరియా కళాశాలలో పట్టము నొందెను. తెల్లవారును నల్లవారును కలిసి చదువుకొనిన కళాశాల యది. మరుసటి సంవత్సరముననే ఆ రాష్ట్రప్రభుత్వము అట్టి కలయికను చట్టముచే నిషేధించెను.

పిమ్మట నాలుగేండ్లు ఆయన అమెరికావారి పాలనలో నుండిన ఫిలిప్పీను ద్వీపములలో ఉపాధ్యాయుడుగా పనిచేసెను. అచట చూచిన యొక సంగతిని ఆయన బహుకాలమునకు తరువాత 1933లో ప్రకటించిన తన ప్రసిద్ధ గ్రంథమున వ్రాసెను. పెద్ద పట్టములు పొందివచ్చిన ఉపాధ్యాయులు ఆ ద్వీపముల పిల్లలకు అమెరికా పుస్తకములను ఉన్నవి ఉన్నట్లుగా బోధించి విఫలులైరి. భీమా వ్యాపారమునుండి వచ్చిన వేరొక వ్యక్తికి బోధనాశాస్త్రము రాదు. అయినను ఆయన, యాపిలుచెట్టును ఎన్నడును చూడని పిల్లలచేత యాపిలుచెట్టు పాట పాడించుట వ్యర్థమని గ్రహించి, ఆ చెట్టునకు బదులు వారి పెరటిలోని లొంబోయి చెట్టును పాటలో పెట్టెను. జార్జి వాషింగ్టను కథకు ముందుగా వారి దేశవీరుడైన హోసే రిసాల్ కథను చెప్పెను. పిల్లలు ఉత్సాహముతో నేర్చుకొనిరి. ఆ లొంబోయి మన నేరేడే! యాపిలుపండు బొమ్మను చూచి ఇంగ్లీషు మొదటి యక్షరమును దిద్దిన మా పల్లెటూరి విద్యార్థులకు ఈ కథను విడమరచి చెప్పనక్కరలేదు.

తిరిగివచ్చి వుడ్సన్ షికాగో విశ్వవిద్యాలయమున 1908లో పట్టము నొంది, వాషింగ్టను నగరపు ఉన్నతపాఠశాలలో బోధించుచునే 1912లో హార్వర్డు విశ్వవిద్యాలయమున చరిత్రశాస్త్రమున డాక్టరు బిరుదమును పొందెను. నల్లజాతివారిలో హార్వర్డునందు ఆ బిరుదమును పొందినవారిలో డు బోయిసు మొదటివాడు, ఈయన రెండవవాడు. 1915 సెప్టెంబరులో షికాగోలో కొందరు మిత్రులతో కలిసి, నీగ్రో జీవితమును చరిత్రమును శోధించు సంఘమును స్థాపించెను. ఆ కాలమున ఆ జాతికి వాడుకలో నుండిన పేరు అదియే. 1916 జనవరిలో సంఘమునకు త్రైమాసపత్రికయు వెలువడెను.

1922లో ఆయన వాషింగ్టనులో తొమ్మిదవ వీధియందు ఇటుకలతో కట్టిన మూడంతస్తుల యిల్లు కొనెను. చుట్టునున్న పేట నల్లజాతివారి దుకాణములతోను, ప్రార్థనాలయములతోను, పాఠశాలలతోను కళకళలాడుచుండెడిది. క్రిందిభాగము సంఘపు కార్యాలయము, పుస్తకముల కొట్టు. పై అంతస్తు ఆయన నివాసము. ఆయన వివాహము చేసికొనలేదు. 1925లో కొంతకాలము లాంగ్‌స్టన్ హ్యూజ్ అను యువకుడు అచట గుమాస్తాగా నుండెను. అటుపిమ్మట ఆయన గొప్ప కవియని పేరు పొందెను గాని, అప్పుడు ఆయన పని గదులు ఊడ్చుట, పొయ్యి రాజవేయుట, పుస్తకములు మూటగట్టి తపాలునకు పంపుట. 1830 నాటికే స్వతంత్రులైయుండిన నల్లజాతి కుటుంబ యజమానుల పేర్లు దాదాపు 30,000 అక్షరక్రమమున నమర్చుటయు ఆయన పనియే. వుడ్సన్ ఊరలేని సమయమున ఒకనాడు గుమాస్తాలందరు పేకాట నాడుచుండగా ఆయన చెప్పక చేయక వచ్చి చూచెను. ఎవరిని పనినుండి తొలగింపలేదు. అందరిని తన గదికి పిలిచి, తమయెడలను, తమ జాతియెడలను వారికి గల బాధ్యతను గూర్చి చాలసేపు మాట్లాడెను. ఇట్టి శిక్షకంటె జీతపుకోతయే తేలికయని కొందరు విద్యార్థు లనుకొందురేమో!

1926 ఫిబ్రవరిలో ఆయన మొదటి చరిత్రవారోత్సవమును ప్రకటించెను. ఆ నెల 12వ తేది అబ్రహాము లింకను జన్మదినము. 14వ తేది ఫ్రెడరిక్ డగ్లసుది. బానిసగా పుట్టి తన పుట్టినదిన మెరుగని డగ్లసు ఆ తేదిని తానే యెంచుకొనెను. ఈ రెండు దినములను నల్లజాతివారు ముందునుండియే గౌరవించుచుండిరి. వుడ్సన్ కోరినది ఇద్దరు మహాపురుషుల స్తుతి మాత్రము కాదు. ఒక జాతియంతటి చరిత్రము పిల్లలకు తెలియవలెనని. ఏడాదియంతయు చదివినదానిని ఆ వారమున పిల్లలు నాటకములుగాను, ప్రసంగములుగాను ప్రదర్శింపవలెనని ఆయన యుద్దేశము. వాషింగ్టనులో తెల్లపిల్లలకును నల్లపిల్లలకును వేరువేరు బడులు. 1954 వరకు ఆ భేదము తొలగలేదు. అట్టి బడుల ఉపాధ్యాయులే ఈ యుత్సవమునకు పట్టుగొమ్మలైరి. పటములకును పుస్తకములకును ఊరూరనుండి ఉత్తరములు వచ్చిపడెను. 1937లో ఉపాధ్యాయులకొరకై వేరొక పత్రికను గూడ ఆయన ప్రారంభించెను.

ధనమునకు మాత్రము కటకట తప్పలేదు. సంఘమును ఏదేని కళాశాలకు అనుబంధింపవలెనని ధర్మనిధుల యధికారులు ఒత్తిడిచేయగా ఆయన సమ్మతింపలేదు. 1930 తరువాత కొలదికాలములో పెద్ద విరాళములు ఆగిపోయెను. అప్పుడు బడిపంతుళ్లును, స్త్రీసమాజములును, ప్రార్థనాలయములును కూడబెట్టి పంపిన చిన్న చందాలతోనే సంఘము నిలిచెను. ఆయన మాట కటువనియు, పట్టుదల మితిమీరినదనియు సన్నిహితులే అనుకొనెడివారు. ఆ పట్టుదల లేనిచో సంఘము స్వతంత్రముగా నిలిచియుండెడిదా యని మాకు సందేహము.

1950 ఏప్రిలు 3వ తేదీని డాక్టరు వుడ్సన్ తొమ్మిదవ వీధియందలి ఆ యింటనే మరణించెను. ఆయన తలపెట్టిన ఆఫ్రికా విజ్ఞానసర్వస్వము అసంపూర్ణముగా నిలిచిపోయెను. వారోత్సవము ఏబదియేండ్లకు, అనగా 1976లో, మాసోత్సవమైనది. ఆ యిల్లిప్పుడు జాతీయ చారిత్రకస్థలము. దాని సమీపమున ఒక చిన్న తోటలో, కూర్చుండిన భంగిమలో ఆయన విగ్రహ మున్నది.