టన్ను మట్టిలో చిటికెడు ఉప్పు

మేరీ క్యూరీ అనగానే రెండు నోబెల్ బహుమతులు గుర్తొస్తాయి. రేడియం కనిపెట్టిందని బడిలో అందరం చదువుకున్నాం. కానీ ఒక పదార్థం ఉందని చెప్పడం వేరు, దాన్ని మట్టిలోంచి తీసి తక్కెట్లో పెట్టి చూపించడం వేరు. ఆ రెండో పనికి ఆమెకి దాదాపు నాలుగేళ్లు పట్టింది.

1867లో పోలండ్‌లోని వార్సాలో పుట్టింది మేరీ. అప్పుడక్కడ రష్యా పాలన. ఆడపిల్లలకి యూనివర్సిటీలో ప్రవేశం లేదు. అందుకని అక్కాచెల్లెళ్లు ఒక ఒప్పందానికొచ్చారు. మేరీ ఎవరిళ్లలోనో పిల్లలకి పాఠాలు చెప్పి డబ్బు పంపితే అక్క బ్రోన్యా పారిస్‌లో డాక్టరీ చదవాలి, ఆ తర్వాత చెల్లెలికి అక్క సాయం చేయాలి. అలా 1891లో పారిస్ చేరింది. ఫిజిక్స్‌లో ఫస్టొచ్చింది. 1895లో పియరీ క్యూరీతో పెళ్లి, 1897లో కూతురు ఐరీన్.

పాపాయికి మూణ్నెల్లు నిండేసరికి పరిశోధన మొదలైంది. ఇంట్లో పాపని మామగారు చూసుకునేవారు. (ఆ పెద్దాయన లేకపోతే కథ ఎలా ఉండేదో!) పిచ్‌బ్లెండ్ అనే ఖనిజం నుంచి, అందులోని యురేనియం లెక్క ప్రకారం రావలసినదానికన్నా ఎక్కువ కిరణాలు వస్తున్నాయి. అంటే లోపల ఇంకేదో ఉండాలి. 1898లో భార్యాభర్తలు ముందు పొలోనియం, తర్వాత రేడియం ఉన్నాయని ప్రకటించారు. రసాయన శాస్త్రజ్ఞులు ఊరుకుంటారా? కొత్త మూలకమంటే దాని పరమాణు భారం ఎంతో తేల్చాలి. అందుకు శుద్ధమైన సరుకు కావాలి.

అప్పటి ఆస్ట్రియా ఏలుబడిలోని బొహీమియా గనుల్లో, గాజుకి రంగు వేయడానికి పనికొచ్చే యురేనియం తీసుకుని, మిగిలిన చెత్తని అడవిలో పారబోసేవారు. మేరీకి కావలసింది ఆ చెత్తే! ఆస్ట్రియా ప్రభుత్వం తొలి టన్ను ఉచితంగానే ఇచ్చింది. గోధుమరంగు మట్టి, మధ్యమధ్యలో పైన్ ఆకులు... బస్తాలకొద్దీ దిగింది.

పని చేసే చోటు ఒక పాత షెడ్డు. ఒకప్పుడు వైద్య విద్యార్థులు శవాల్ని కోసిన గది. పైకప్పు కారేది. పొగలు పోవడానికి సరైన ఏర్పాటు లేదు కాబట్టి, ఘాటైన పనులన్నీ వీలైనప్పుడల్లా వాకిట్లోనే. ఒక్కోసారి 20 కిలోల సరుకు కాగుతుంటే, దాదాపు తనంత పొడుగున్న ఇనుప కడ్డీతో గంటలతరబడి కలిపేది.

అసలు చిక్కు ఏమిటంటే, రేడియం బేరియంని అంటిపెట్టుకుని ఉంటుంది. ఏ రసాయనం పోసినా రెండూ కలిసే వస్తాయి. వాటిని విడదీసే దారి ఒకటే కనబడింది. చిక్కటి పంచదార పాకం చల్లారితే పటికబెల్లం పలుకులు కడుతుంది కదా, అలాంటిదే. రెండు క్లోరైడ్లనీ వేడినీళ్లలో కరిగించి చల్లారిస్తే, నీళ్లలో తక్కువ కరిగే రేడియం లవణం పలుకుల్లో కాస్త ఎక్కువగా చేరుతుంది. ఆ పలుకుల్ని మళ్లీ కరిగించు, మళ్లీ చల్లార్చు. మిగిలిన నీళ్లని పారబోయకుండా వెనకటి గిన్నెలో కలుపు. ఇలా వరసగా గిన్నెలే గిన్నెలు! ప్రతిసారీ లాభం కొంచెమే. పైగా షెడ్డులో ఎగిరే దుమ్ము, బొగ్గు నుసి పడితే శుద్ధి చేసింది మళ్లీ పాడయ్యేది. దీన్నే అంశిక స్ఫటికీకరణం అంటారు.

మోటుపని ఇద్దరివల్లా అయ్యేది కాదు. సహచరుడు ఆంద్రె దెబియెర్న్ ఆ తొలి దశని ఒక రసాయనాల కంపెనీలో ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చాడు. టన్ను చెత్త అక్కడ 10, 20 కిలోల ముడిసరుకుగా తగ్గేది. నాజూకు పని మాత్రం మేరీదే. 1902లో చేతికొచ్చింది గ్రాములో పదోవంతు రేడియం క్లోరైడ్. పరమాణు భారం 225 అని లెక్క కట్టింది. ఇప్పటి లెక్క 226.

1903లో నోబెల్. మొదట కమిటీ ఆమెని వదిలేసి పియరీ, బెక్వెరెల్‌లకే ఇద్దామనుకుంది. సంగతి తెలిసి పియరీ అడ్డుపడ్డాడు. రేడియం వేరుచేసే పద్ధతికి దంపతులు పేటెంట్ తీసుకోలేదు. వివరాలు అడిగినవాళ్లందరికీ చెప్పేశారు. 1904లో ఫ్రాన్స్‌లోనే రేడియం ఫ్యాక్టరీ వెలిసింది.

1906లో గుర్రపు బండి కింద పడి పియరీ పోయాడు. ఆ ఏడాదే లార్డ్ కెల్విన్ అంతటివాడు రేడియం అసలు మూలకమే కాదు పొమ్మన్నాడు. మేరీ వాదనకి దిగలేదు. మళ్లీ గిన్నెల దగ్గరికే వెళ్లింది. 1910లో దెబియెర్న్‌తో కలిసి, లవణం కాదు, తెల్లగా మెరిసే రేడియం లోహాన్నే తీసి చూపించింది. మరుసటి ఏడు రసాయనశాస్త్రంలో నోబెల్ ఆమె ఒక్కర్తికే వచ్చింది.

పేటెంట్ వదులుకోవడం మంచిదేనా? 1921 నాటికి గ్రాము రేడియం ఖరీదు లక్ష డాలర్లు! కనిపెట్టిన మనిషికి కొనే స్తోమత లేదు. అమెరికా మహిళలు చందాలు పోగుచేసి ఆ గ్రాము కొనిపెట్టారు. ప్రెసిడెంట్ హార్డింగ్ వైట్‌హౌస్‌లో అందజేశాడు. ముందురోజు రాత్రి దానపత్రం చదివిన మేరీ, దాన్ని మార్పించాకే సంతకం పెట్టింది. రేడియం తన పేర ఉంటే తర్వాత కూతుళ్ల ఆస్తి అవుతుంది, అది లాబొరేటరీకే చెందాలని ఆమె పట్టు.

1934 జులై 4న ఎముక మజ్జ దెబ్బతిని వచ్చిన రక్తహీనతతో కన్నుమూసింది. షెడ్డులో రాసుకున్న నోటు పుస్తకాలు పారిస్‌లో సీసపు పెట్టెల్లో ఉన్నాయి. రేడియం వాటిని ఇంకా వదల్లేదు.