చలం: టీవీ డాక్టర్ల కంటే ముందే ఆ మాట ఎత్తిన స్కూల్ ఇన్‌స్పెక్టర్.. సంఘం దూరం పెట్టినా తగ్గలేదు!

సెక్స్ గురించి డౌట్ వస్తే ఇప్పుడు ఫోన్ తీస్తే చాలు. నూజివీడు మామిడి తోటల వైపు రెడ్డిగూడెంలో కూర్చున్నా డాక్టర్ల వీడియోలు వరసపెట్టి వచ్చేస్తాయి. దాదాపు వందేళ్ల కిందట ఇదే విషయాన్ని తెలుగులో దాపరికం లేకుండా రాసినందుకు ఒక మనిషి ఇంటి గడప తొక్కడానికే జనం జంకారు. ఆయన డాక్టర్ కాదు. బడులు తనిఖీ చేసే సర్కారు ఉద్యోగి. పేరు గుడిపాటి వెంకటచలం. చలం అంటే చాలు, అందరికీ తెలుసు.

1894లో మద్రాసులో పుట్టిన చలం, తాతగారికి దత్తత వెళ్లి గుడిపాటి వారయ్యారు. పెరిగింది తెనాలిలో. తండ్రి చేతిలో తల్లి పడిన బాధ చిన్నప్పుడే చూశారు. ఆడవాళ్ల గురించి ఆయన రాసిన ప్రతిదాంట్లో ఆ మంట కనిపిస్తుంది. కాకినాడ కాలేజీలో రఘుపతి వెంకటరత్నం నాయుడి ప్రభావంతో బ్రహ్మసమాజం వైపు నడిచారు. అప్పటి ఆచారం ప్రకారం చిన్న వయసులోనే పెళ్లయింది. భార్య రంగనాయకమ్మను మాత్రం వంటింటికి వదిలేయకుండా మద్రాసులో స్కూలుకు పంపి చదివించారు. అత్తవారికి అదే పెద్ద నేరంలా కనిపించింది.

1927లో వచ్చిన మైదానం నవలతో దుమారం రేగింది. ప్లీడరు భార్య రాజేశ్వరి, భర్తను వదిలి అమీర్‌తో వెళ్లిపోతుంది. ఆడదానికీ కోరిక ఉంటుందని అంత సూటిగా చెప్పడం ఆ రోజుల్లో మామూలు విషయం కాదు. బయట తిట్టినవాళ్లే ఇంట్లో తలుపులేసుకుని చదివారు. కానీ మైదానంతోనే చలాన్ని కొలిస్తే సగం మనిషే దొరుకుతాడు.

మిగతా సగం స్త్రీ, బిడ్డల శిక్షణ పుస్తకాల్లో ఉంది. ఆడవాళ్లకూ శరీరం, మెదడు, హృదయం ఉన్నాయి, వాటికి కావాల్సినవి ఇవ్వాలి అన్నది స్త్రీ సారాంశం. బిడ్డల శిక్షణలో ఆయన గురి పెద్దవాళ్ల మీదే. పిల్లల్ని కొట్టొద్దు, భయపెట్టొద్దు, తమ ఒంటి గురించి వాళ్లలో సిగ్గు నింపొద్దు అని వాదించారు. బెత్తం లేని బడి ఊహకే అందని కాలంలో ఒక స్కూల్ ఇన్‌స్పెక్టర్ ఇలా రాయడం చిన్న సాహసం కాదు. అయితే చలం పుస్తకాలు వైద్య పాఠాలు కావు. జబ్బుల గురించో, గర్భనిరోధం గురించో తెలుసుకోవాలనుకునేవారికి అక్కడ పెద్దగా ఏమీ దొరకదు.

సినిమాలోనూ ఆయన చెయ్యి పడింది. 1938లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన మాలపిల్లకు కథ చలానిదే. బ్రాహ్మణ యువకుడు, దళిత యువతి ప్రేమించుకునే ఆ సినిమాను జనం ఎగబడి చూశారు. కాంచనమాల పెద్ద స్టార్ అయిపోయింది.

బెజవాడలో చాలా ఏళ్లు ఉన్న చలానికి పాఠకులు పెరిగారు గానీ, ఇంటికి వచ్చే చుట్టాలు పెరగలేదు. ఆయన రాతలకు కుటుంబం మొత్తం మూల్యం చెల్లించింది. 1950లో తిరువణ్ణామలై వెళ్లిపోయి, రమణాశ్రమం దగ్గరే స్థిరపడ్డారు. స్వేచ్ఛ గురించి అంత రాసిన మనిషి ఆశ్రమం చేరడమేంటని అభిమానులే నిలదీశారు. ఆ చర్చ ఇంకా నడుస్తూనే ఉంది. 1979 మేలో అక్కడే కన్నుమూశారు. హైదరాబాద్ దూరదర్శన్ మొదలై అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు.

చలం తర్వాత ఈ పనిని డాక్టర్లు అందుకున్నారు. అదే బెజవాడ నుంచి, నాస్తికోద్యమ నేత గోరా కొడుకు డాక్టర్ సమరం స్వాతి వీక్లీలో ఏళ్ల తరబడి పాఠకుల సందేహాలకు జవాబులిచ్చారు. తర్వాత టీవీలోనూ కనిపించారు. చలం ఉద్యోగం చేసిన బడిలో మాత్రం కథ వేరు. 2007లో కౌమార విద్య పాఠాలు వస్తున్నాయనగానే పొరుగున ఉన్న మహారాష్ట్ర, కర్ణాటక సహా పలు రాష్ట్రాలు వాటిని ఆపేశాయి.