డిచ్‌పల్లి డాక్టరమ్మ ఇసబెల్ కెర్

వ్యాధులలో కుష్ఠువును మన పూర్వులు మహారోగమనిరి. పల్లెలలో దానికి పెద్దరోగమని పేరు. క్షయ మనిషిని చంపును; కుష్ఠువు చంపక మునుపే మనిషిని ఊరి వెలుపలికి పంపును. రోగి యున్న యింటి పిల్లకు పెండ్లి కుదరదు. ఊరి బావిలో అతడు చేద వేయరాదు. డబ్బిచ్చి కొనవచ్చినను అంగడివాడు సరకు చేతికీయక దూరముగా నుంచును. ఇది పైకి కనబడు బాధ. లోపలిది వేరు. తక్కిన రోగములలో నొప్పి శత్రువు. ఈ రోగములో నొప్పి లేకపోవుటయే శత్రువు. క్రిమి నరములను పట్టి స్పర్శను హరించును. పొయ్యిమీది కుండను దించిన చేయి కాలుచున్నదని రోగికి తెలియదు. ముల్లు దిగిన కాలితో కోసెడు నేల నడచినను తెలియదు. పుండు పుట్టి, ముదిరి, వ్రేళ్ళు కురుచలగును. తన దేహము తనకే తెలియకుండును. ఒరుల చేయి తనను తాకకుండును. ఇట్టివారి నడుమ తన జీవితమును వెచ్చించి, నిజామాబాదు సీమలో పేరు నిలుపుకొన్న వైద్యురాలు ఇసబెల్ కెర్.

ఆమె పుట్టింటివారు గన్ వంశీయులు. స్కాట్లండు దేశమున 1875వ సంవత్సరము మే నెల 30వ తేదీన ఆమె జన్మించెను. అంతకు రెండేండ్ల క్రిందటనే, 1873లో, నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ కుష్ఠువునకు మూలమైన సూక్ష్మక్రిమిని కనుగొనియుండెను. మూలము తెలిసినది గాని మందు తెలియలేదు. ఆడుపిల్లలు వైద్యము చదువుట ఆ దేశమునను అరుదైన ఆ దినములలో ఇసబెల్ అబర్డీన్ విశ్వవిద్యాలయమున చదివి 1903లో పట్టము పొందెను. ఆ సంవత్సరముననే రెవరెండ్ జార్జి కెర్‌ను పెండ్లాడెను. 1907లో ఆ దంపతులు వెస్లియన్ మెథడిస్టు మిషను పక్షమున హైదరాబాదు సంస్థానమునకు వచ్చిరి. మెదకులో పాస్నెట్టు దొర పనిచేసినదియు ఈ మిషనులోనే. ఆయన కట్టించి 1924లో ప్రతిష్ఠ చేయించిన గొప్ప చర్చి ఈ ప్రాంతమువారికి క్రొత్తగా చెప్పవలసినది కాదు. కెర్ దంపతులకు మాత్రము ఇందూరు సీమ, అనగా నిజామాబాదు, కార్యక్షేత్రమైనది.

అచ్చటి వైద్యశాలకు జ్వరములవారు, కాన్పులవారు, గాయములవారు వచ్చిరి. వారితోపాటు కుష్ఠురోగులును వచ్చిరి. జ్వరమునకు మందు కలదు. కాన్పునకు నేర్పు కలదు. వీరికి ఇయ్యదగినది ఆ డాక్టరమ్మ పెట్టెలో లేదు. తక్కిన రోగుల నడుమ వీరికి మంచమిచ్చుటకును వీలులేదు. వచ్చినవారిని వచ్చిన త్రోవనే పంపివేయుట నాడు ఏ వైద్యశాలలోనైనను జరుగునదే, దానికెవరును తప్పు పట్టరు. కాని ఆమె నమ్మిన మతమునకు మూలపురుషుడు కుష్ఠురోగి యెదుట చేసినది వేరు. సువార్తలలో ఆ కథ మూడుచోట్ల కలదు. మోషే ధర్మశాస్త్రము ప్రకారము అంటరాని ఆ మనిషిని క్రీస్తు మొదట చేయి చాచి తాకెను, తరువాతనే స్వస్థపరచెను. ఈ క్రమము గమనింపదగినది. మొదట స్వస్థపరచి, శుద్ధుడైన పిమ్మట తాకియుండిన అది మహిమ మాత్రమే యగును. రోగము రోగముగా నుండగనే తాకుటలో వేరొక మాట యున్నది. మహిమ చేయజాలని మానవుడును ఆ మొదటి పని చేయవచ్చును. కెర్ దంపతులు ఆ మొదటి పనికి పూనుకొనిరి.

నిజామాబాదునకు సుమారు పది మైళ్ళ దూరమున, గుట్టమీది పురాతన రామాలయముచే ప్రసిద్ధమైన డిచ్‌పల్లి గ్రామము కలదు. సికింద్రాబాదునుండి గోదావరీతీరమునకు పోవు రైలుమార్గమున అది యొక స్టేషను. అచ్చట 1911 ప్రాంతమున కుష్ఠురోగులకు చిన్న ఆశ్రయము మొదలైనది. రోగుల రాక మిక్కుటమై చోటు చాలకపోగా, నిజామాబాదు దాత రాజా నర్సాగౌడు ధనమిచ్చి ఆదుకొనెను. ఆ యండతో 1915లో విశాలమైన వైద్యశాల వెలసెను. దానమిచ్చినవాడు హిందువు, ప్రభువు మహమ్మదీయుడు, వైద్యము చేసినది క్రైస్తవురాలు. జమాఖర్చు పుస్తకమున ఇట్టి పద్దు తరచుగా కనబడదు.

ఇక మందు విషయము. కుష్ఠువునకు తువరక వృక్షపు గింజల నూనె మంచిదని మన సుశ్రుతసంహితలో చికిత్సాస్థానమున చెప్పబడినది. పశ్చిమసముద్ర తీరమున ఆ చెట్లు పెరుగునని గూడ అందు కలదు. దాని బంధువైన చౌల్మూగ్రా నూనె తూర్పుదేశములలో ప్రాచీనకాలమునుండి వాడుకలో నుండెను. మయూర కవి సూర్యశతకము చెప్పి ఈ రోగమును బాపుకొనెనని వినువారికి, గింజల నూనె మాట సామాన్యముగా తోచవచ్చును గాని, పదిమందికి అందునది నూనెయే. చిక్కేమనగా, దానిని లోనికి పుచ్చుకొన్న కడుపు త్రిప్పి వాంతియగును. కలకత్తాలో రోజర్సు, మ్యూర్ అను డాక్టర్లు దానిని సూదితో ఎక్కింపదగిన రూపములకు తెచ్చి, చికిత్సను ఒక పద్ధతిలో నిలిపిరి. ఆ పద్ధతి డిచ్‌పల్లికి వచ్చెను.

అది సుఖమైన చికిత్స కాదు. సూదిపోటు బాధించును, పొడిచినచోట వాచును. వారము వారము, నెలలు, సంవత్సరములు సాగవలెను. నొప్పియే తెలియని రోగమునకు నొప్పితోడి మందు! పైగా ఫలము నిశ్చయము కాదు. తొలిదశలో వచ్చినవారిలో పలువురికి మచ్చలు మాసి, రోగలక్షణములు లేనివారై ఇండ్లకు పోయిరి. ముదిరిన పిమ్మట వచ్చినవారికి పోయిన వ్రేళ్ళు రాలేదు. నయమై పోయి మరల తిరిగివచ్చినవారును కలరు. కావున అందరికిని నయమగునని ఆ డాక్టరమ్మ మాట యీయజాలదు. మాట యీయకయే ఆశ నిలుపవలెను. ఆమె చేసిన పనిలో మిక్కిలి కష్టమైనది ఇదియే యని తోచును.

ఆ ఆశ ఎచ్చటనుండి వచ్చినది? రోగి వెంట తెచ్చుకొన్న బరువులలో పెద్దది, ఇది తన పాపఫలమను తలంపు. మన కర్మవిపాక గ్రంథములు అట్లే చెప్పినవి. యూదులలోను ఆ నమ్మకముండెను. ఒక పుట్టుగ్రుడ్డిని జూపి ఎవరి పాపముచే వీడిట్లు పుట్టెనని శిష్యులడిగినపుడు, వీనిదియు కాదు, తలిదండ్రులదియు కాదని క్రీస్తు చెప్పినట్లు యోహాను సువార్తలో నున్నది. నింద తొలగినచో రోగి రోగిగా మాత్రమే మిగులును. రోగికి వైద్యము తగును. పౌలు రోమా సంఘమునకు వ్రాసిన లేఖలో శ్రమనుండి ఓర్పు, ఓర్పునుండి పరీక్షకు నిలిచిన గుణము, దానినుండి నిరీక్షణ పుట్టునని వరుస చెప్పెను. నిరీక్షణ ఆ వరుసలో తుదిమెట్టు. కష్టము తొలగిన తరువాత ఆనందమనుట లోకరీతి. కష్టమున్నచోటనే దేవుడును ఉన్నాడనుట సిలువను నమ్మినవారి రీతి. డిచ్‌పల్లిలో ఈ నమ్మకము బోధగానే మిగిలిపోలేదు. మంచి ఆహారము, దేహమునకు పని, తక్కిన చిన్నరోగములకు గూడ మందు, ఇవి సూదితోపాటు చికిత్సలో భాగములని మ్యూర్ పద్ధతి. భిక్షాపాత్ర పట్టినవానికి పని దొరకుట, అనగా తన చేతితో ఒక వస్తువు మరల అక్కరకు వచ్చుట, ఎంతటి ఆనందమో ఆరోగ్యవంతులు ఊహింపలేరు. అది నయము కాకమునుపే దొరకు ఆనందము.

1923లో ప్రభుత్వము ఆమెకు కైసరె హింద్ పతకమిచ్చెను. తరువాత డాక్టరు జాన్ లో అచ్చటికి వచ్చి, చికిత్సతోపాటు శాస్త్రపరిశోధనమును సాగించెను. 1932లో ఇసబెల్ కెర్ గతించెను. భర్త ఆ వైద్యశాలను విడువక పనిచేసెను.

నిజమైన మందు ఆమె చూడలేదు. 1940ల చివర డాప్సోన్ వాడుకకు వచ్చెను. దానిని మాత్రగా నోటితో ఈయవచ్చునని ఆఫ్రికాలో నైజీరియా దేశమున రుజువు చేసినవారిలో ముఖ్యుడు, డిచ్‌పల్లిలో నూనె సూదులు వేసిన ఆ జాన్ లో యే. 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పలుమందులను కలిపి ఇచ్చు చికిత్సను విధించెను. ఆరునెలలనుండి సంవత్సరములోపల రోగము నయమగుట సామాన్యమైనది. రోగులను వేరుగా నిర్బంధించుటకు 1898లో చేసిన చట్టము 2016లో రద్దయినది. తువరక తైలపు సూదులను ఇప్పుడెవరును వాడుట లేదు. మాత్ర రాకమునుపు, ఆ సూదులను ఓర్చుకొని, డిచ్‌పల్లి స్టేషనులో రైలెక్కి తమ ఊళ్ళకు పోయినవారు కలరు.