హీరోయిన్ కాలేదు.. సినిమాకే పేరైంది!

ఉప్పల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గంలో ఇంటర్వ్యూ ఇచ్చి వస్తున్నారా? నాచారం హాస్టల్ రూమ్‌లో కూర్చుని జాబ్ పోర్టల్ పదేపదే రిఫ్రెష్ చేస్తున్నారా? చదివింది మెకానికల్, వచ్చిన ఆఫర్ టెస్టింగ్‌లో. అడిగింది డెవలపర్ పోస్టు, ఇస్తామన్నది సపోర్ట్. చేరాలా, ఆగాలా? ఈ డౌట్ మీలో చాలామందికి ఉంటుంది. నాచారం అనగానే ఎన్టీఆర్ వాళ్ల స్టూడియో గుర్తొస్తుంది కాబట్టి ఈసారి ఐటీని పక్కనపెట్టి సినిమా ఫీల్డ్ నుంచి ఒక కెరీర్ చూద్దాం. టీవీలో పాత సినిమా వస్తే మీ అమ్మమ్మ ఠక్కున గుర్తుపట్టే మనిషి.. సూర్యకాంతం.

కాకినాడ నుంచి మద్రాసుకు

1924 అక్టోబరు 28న కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురంలో పుట్టారు. పెద్ద కుటుంబం. చిన్నప్పుడే తండ్రి పోయారు. పాట, డాన్సు నేర్చుకున్నారు. సినిమా మీద ఇష్టంతో మద్రాసు చేరారు. అప్పట్లో మన సినిమాలకు హైదరాబాద్ లాంటిది మద్రాసే మరి.

ఎంట్రీ చాలా చిన్నది. జెమినీ వాళ్ల ‘చంద్రలేఖ’ (1948)లో డాన్సర్లలో ఒకరు. జెమినీలో నెలకు 65 రూపాయలు ఇస్తామంటే ఆ జీతం చాలదని మాట్లాడి 75 చేయించుకున్నారని సినిమావాళ్లు చెబుతారు. చేతిలో పెద్ద సినిమా ఒక్కటీ లేదు, అయినా అడిగారు. హెచ్‌ఆర్ రౌండ్‌లో ఎక్స్‌పెక్టెడ్ శాలరీ అనగానే నీళ్లు నమిలే వాళ్లు ఈ పాయింట్ నోట్ చేసుకోండి. తర్వాత వచ్చిన ‘ధర్మాంగద’ (1949)లో మూగ పాత్ర. ముందు ముందు నోటి గడుసుతనంతోనే పేరు తెచ్చుకోబోయే మనిషికి అందులో ఒక్క మాట కూడా లేదు!

చేతిదాకా వచ్చి జారిపోయింది

ఆమె కోరుకున్నది హీరోయిన్ వేషం. ‘సౌదామిని’లో ఆ ఛాన్స్ వచ్చింది కూడా. అంతలో కారు ప్రమాదం, ముఖానికి గాయం. అవకాశం పోయింది. బొంబాయి నుంచి కూడా ఒక అవకాశం వచ్చిందట. మరో నటిని తీసేసి ఆ వేషం తనకిస్తున్నారని తెలిసి వద్దన్నారని చెబుతారు.

అప్పుడు చేతికి దొరికింది ఎల్.వి.ప్రసాద్ తీసిన ‘సంసారం’ (1950)లో గయ్యాళి అత్త పాత్ర. ఆమెకప్పుడు 26 ఏళ్లు. ఆ వయసులో అత్త వేషమంటే కెరీర్ అక్కడితో క్లోజ్ అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆమె ఒప్పుకున్నారు. సినిమా హిట్. అత్త కూడా హిట్. అక్కడి నుంచి గయ్యాళి పాత్ర రాస్తే నిర్మాతలకు ముందు గుర్తొచ్చే పేరు సూర్యకాంతం.

ఒకే పని, కానీ ఎంత బాగా?

పాత సినిమాలు గమనించి చూడండి. ఎడమ చెయ్యి తిప్పుతూ దులిపేయడం, ఒక్క మూతి విరుపుతో ఎదుటివాణ్ని తీసిపారేయడం, గోదావరి జిల్లా యాసలో ఆ విసురు. అవన్నీ ఆమె మార్కు. ఏళ్ల తరబడి అదే రకం పాత్ర చేసినా జనానికి మొహం మొత్తలేదు. అలాగని ఒక్క గయ్యాళి వేషానికే ఆగిపోలేదు. ‘మాయాబజార్’ (1957)లో హిడింబిగా ఘటోత్కచుడికి తల్లి. ఆ వేషం వేసిన ఎస్వీ రంగారావు వయసులో ఆమెకంటే ఆరేళ్లు పెద్ద!

ఇక 1962. విజయా వాళ్ల సినిమా. ఎన్టీఆర్, ఏఎన్నార్, సావిత్రి, జమున, ఎస్వీఆర్.. అందరూ టాప్ స్టార్లే. టైటిల్ మాత్రం సూర్యకాంతం పాత్రదే: ‘గుండమ్మ కథ’. వయసులో ఎన్టీఆర్ కంటే దాదాపు ఏడాదిన్నర చిన్న, సినిమాలో అత్త. హీరోయిన్ వేషం పోగొట్టుకున్న మనిషి పేరుమీద ఇద్దరు సూపర్ స్టార్ల సినిమా నడిచింది. 60 ఏళ్లు దాటినా జనం ఇప్పటికీ చూస్తున్నారు.

దానికీ ఖరీదు ఉంది

దీంతో అంతా హ్యాపీస్ అనుకోకండి. ఆమె పేరే ఒక తిట్టు అయిపోయింది. నోరున్న ఆడమనిషి కనిపిస్తే సూర్యకాంతం అనేవాళ్లు. కూతురికి ఆ పేరు పెట్టడానికి జనం జంకారు. నిజానికి బయట ఆమె మెత్తని మనిషి. షూటింగ్‌కు ఇంటి నుంచి వంటలు తెచ్చి యూనిట్‌లో వాళ్లకు కొసరి కొసరి పెట్టేవారట. తెరమీద చేసిన పనికి, తన స్వభావానికి పొంతన లేకపోయినా ఆ ముద్రతోనే 1994లో కన్నుమూసేదాకా బతికారు. పని నచ్చినా ముద్ర నచ్చకపోవచ్చు. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు ఇది కూడా ఆలోచించుకోవాలి.

మరి మనమేం చేద్దాం?

వచ్చిన ప్రతి జాబ్‌లో చేరిపొమ్మని నేను చెప్పడం లేదు. ఈ మూడూ చెక్ చేసుకోండి.

1. ఈ పనిలో నేను బెస్ట్ కాగలనా? టెస్టింగ్ అయినా సపోర్ట్ అయినా, ఏడాదిలో టీమ్ మొత్తం నా దగ్గరికే డౌట్ల కోసం వచ్చేంత నేర్చుకునే వీలుందా?

2. ఈ పని నామీద వేసే ముద్రతో నేను ఉండగలనా? మూడేళ్ల తర్వాత రెజ్యూమెలో ఆ లైన్ నన్ను ఎటు తీసుకెళ్తుంది?

3. జీతం అడిగానా? ఫ్రెషర్ అయినా మర్యాదగా, కారణం చెప్పి అడగొచ్చు. పెంచకపోతే ఉన్నదే ఉంటుంది.

మొదటి రెండింటికీ అవునని అనిపిస్తే, డ్రీమ్ రోల్ కాదన్న ఒక్క కారణంతో వదులుకోకండి. ఒక్కదానికైనా కాదని అనిపిస్తే ఇంకో నెల అప్లై చేయండి, తప్పేం లేదు. ఈ ఆదివారం ఖాళీ ఉంటే ‘గుండమ్మ కథ’ చూడండి. కథ మీకు తెలిసే ఉంటుంది, ఈసారి ఆమె పని చూడండి.