తూటా ఎక్కడ ఇరుక్కుంది?

కౌబాయ్ సినిమాల్లో హీరో ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనుప కడియాన్ని కిందికి లాగి, మళ్లీ టక్కున పైకి మూసి పేలుస్తాడే, ఆ తుపాకీ పేరు లీవర్ యాక్షన్ రైఫిల్. 1971లో కృష్ణ గారి 'మోసగాళ్ళకు మోసగాడు' వచ్చాక మన ఇళ్లలో కూడా కౌబాయ్ అంటే అందరికీ తెలిసిపోయింది. కానీ ఆ రకం రైఫిళ్లలో బాగా పేరొచ్చిన వాటిని డిజైన్ చేసిన మనిషి పేరు అడిగితే మా క్లాసులో ఒక్కరూ చెప్పలేదు. ఆయన జాన్ మోజెస్ బ్రౌనింగ్. సీఎస్ఈ వాళ్లకి తుపాకులతో ఏం పని అంటారా? ఆయన జీవితం చదువుతుంటే నాకు మొదటి నుంచి చివరి దాకా డీబగ్గింగే కనిపించింది.

బ్రౌనింగ్ 1855లో అమెరికాలోని యూటా ప్రాంతంలో, ఆగ్డెన్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి జోనథన్ తుపాకులు తయారుచేసేవాడు, పాడైనవి బాగుచేసేవాడు. ఆయనకు మూడు పెళ్లిళ్లు, 22 మంది పిల్లలు. జాన్ పదేళ్లప్పుడే షాపులో పడున్న తుక్కు సామానుతో ఒక తుపాకీ చేశాడట. ఇంజినీరింగ్ డిగ్రీ ఏమీ లేదు. రైతులు, వేటగాళ్లు తెచ్చిన పాడైన తుపాకులే ఆయన సిలబస్.

ఇంతకీ లీవర్ రైఫిల్ ఎందుకు జామ్ అవుతుంది? ముందు అది ఎలా పనిచేస్తుందో చూద్దాం. లీవర్ దించగానే బోల్ట్ వెనక్కి వస్తుంది. దాని కొక్కెం పేలిన ఖాళీ గుల్లని పట్టి లాగుతుంది, గుల్ల బయటికి ఎగిరిపోతుంది. బారెల్ కింద ఉన్న గొట్టంలోంచి కొత్త తూటా ఒక చిన్న పలక మీదికి జారుతుంది. లీవర్ పూర్తిగా దిగితే ఆ పలక పైకి లేస్తుంది. లీవర్ మూస్తే బోల్ట్ ఆ తూటాని లోపలికి తోసి, తాళం వేసుకుంటుంది. ఒక్క స్టెప్ తప్పినా తర్వాతిది జరగదు. కంగారులో లీవర్‌ని సగమే దించి మూశామనుకోండి, పాత గుల్ల బయటపడదు, లేకపోతే కొత్త తూటా పైకి లేవదు. అంతే, మొత్తం బిగుసుకుపోతుంది.

ఇంకో శత్రువు మసి. అప్పట్లో వాడే నల్లమందు కాలాక, సగానికి పైగా మసిగా, ఉప్పుగా మారేది, అందులో కొంత లోపలే మిగిలిపోయేది. ఆ ఉప్పు గాల్లో తేమని పీల్చుకుని ఇనుముకి తుప్పు పట్టిస్తుంది. నూనెతో తుడిస్తే అది పోదు, వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె రాయాలి. పైగా ఈ రైఫిళ్లలో చాలావాటికి వెనక వైపు మూసి ఉంటుంది కాబట్టి శుభ్రం చేసే కడ్డీని మూతి వైపు నుంచే దూర్చాలి. అప్పుడు మసి వెళ్లి యంత్రంలోనే పడుతుంది! వీటన్నిటికంటే ముందు, లోపల గానీ గొట్టంలో గానీ తూటా మిగిలి ఉందేమో చూసుకోవాలి. ఆ షాపులో పెరిగిన కుర్రాడికి ఇవన్నీ చేతులతోనే వచ్చేసి ఉంటాయి.

1879లో ఆయన మొదటి పేటెంట్ వచ్చింది. ఒక్కసారికి ఒకే తూటా పేల్చే రైఫిల్ అది. 1883లో వించెస్టర్ కంపెనీ నుంచి బెన్నెట్ అనే పెద్దమనిషి ఆగ్డెన్ దాకా వచ్చి, దాని హక్కులు 8,000 డాలర్లకు కొనుక్కెళ్లాడు. అప్పటిదాకా వించెస్టర్ లీవర్ రైఫిళ్లలో బోల్ట్‌ని ఆపేది మోకాలు లాంటి కీలు. పెద్ద తూటాల దెబ్బకి అది తట్టుకోలేదు. బ్రౌనింగ్ 1886 మోడల్‌లో బోల్ట్ వెనక పైకీ కిందికీ జారే రెండు ఉక్కు దిమ్మలు పెట్టాడు. అదే పద్ధతిలో చిన్న రైఫిల్ 1892లో వచ్చింది. ఆ తర్వాత వచ్చిన 1894 మోడల్ 70 లక్షలకు పైగా తయారైంది.

కానీ వాటి మీద పేరు మాత్రం వించెస్టర్‌ది. ఆయన డిజైన్లని కంపెనీ ఒకేసారి డబ్బిచ్చి కొనేసేది. అలా కొన్నవాటిలో చాలావాటిని అసలు తయారే చెయ్యలేదు. 1902 ప్రాంతంలో ఒక ఆటోమేటిక్ షాట్‌గన్‌కి ఆయన రాయల్టీ అడిగాడు, కంపెనీ ఒప్పుకోలేదు. దాదాపు ఇరవై ఏళ్ల బంధం అక్కడితో తెగిపోయింది. రెమింగ్టన్ కంపెనీకి వెళ్తే, ఆయన వెయిట్ చేస్తుండగానే ఆ కంపెనీ అధ్యక్షుడు గుండె ఆగి చనిపోయాడు. దాంతో తుపాకీ పట్టుకుని ఓడెక్కి, బెల్జియంలోని ఎఫ్ఎన్ కంపెనీకి వెళ్లాడు. మన సైన్యం వాడిన 9 ఎంఎం పిస్టల్ కూడా ఆయన మొదలుపెట్టి, ఆయన పోయాక ఎఫ్ఎన్‌లో వేరొకరు పూర్తిచేసిన డిజైనే.

1911లో అమెరికా సైన్యం ఆయన పిస్టల్‌ని పరీక్షించింది. 6,000 తూటాలు పేల్చినా ఒక్కసారి కూడా జామ్ కాలేదు. ఇది చదివి నేను కూడా సూపర్ అనుకున్నాను. తర్వాత పేజీలో 1914 సరయేవో వచ్చింది. ఆస్ట్రియా యువరాజుని, ఆయన భార్యని చంపింది కూడా బ్రౌనింగ్ డిజైన్ చేసిన ఎఫ్ఎన్ పిస్టలే. ఆ తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం. ఆ రోజు ఆ పిస్టల్ ఇరుక్కుపోయి ఉంటే? ఆయన జీవితమంతా ఏ బగ్‌తో పోరాడాడో, ఆ ఒక్కరోజు ఆ బగ్ ఉంటేనే బాగుండేది కదా అనిపించింది.

తప్పు ఆయనదా అంటే నేను అవును అనలేను. అసలు సంబంధమే లేదని కూడా అనలేను. మనకి టెస్ట్ కేసులన్నీ పాస్ అయితే పని అయిపోయినట్టే. ఎవరి చేతిలోకి వెళ్తుంది అనే కేసు ఎవరూ రాయరు.

1926 నవంబర్ 26న, బెల్జియంలోని లీజ్‌లో ఎఫ్ఎన్ ఫ్యాక్టరీలో పని మీద ఉండగానే ఆయన గుండె ఆగిపోయింది. అప్పటికి 71 ఏళ్లు, 128 పేటెంట్లు. ఆయన రైఫిళ్ల నకళ్లు ఇప్పటికీ తయారవుతూనే ఉన్నాయి. లీవర్ పూర్తిగా దించితే, ఇప్పటికీ చక్కగా పనిచేస్తాయి.