డాక్టరు హ్యూ హాంప్టన్ యంగు

తమకు తెలియదని యొప్పుకొనుటకు జంకు విద్యార్థులు పెక్కురు గలరు. అట్టివారి మేలుకొఱకు ఒక గొప్ప వైద్యుని చరిత్రమును సంగ్రహముగా వ్రాయ నుద్దేశించితిమి.

హ్యూ హాంప్టన్ యంగు 1870 వ సంవత్సరమున అమెరికా దేశమందు, టెక్సాసు రాష్ట్రములోని సాన్ ఆంటోనియో పట్టణమున జన్మించెను. 1894 లో వర్జీనియా విశ్వవిద్యాలయమున వైద్యపట్టము నొంది, పిమ్మట బాల్టిమోరు నగరమందలి జాన్సు హాప్కిన్సు ఆసుపత్రిని చేరెను. అచ్చట శస్త్రవైద్యమునకు ప్రధానాచార్యుడు హాల్‌స్టెడ్డు. యువవైద్యులు ఏండ్లతరబడి ఆసుపత్రిలోనే నివసించి, రోగులకు సేవచేయుచు, క్రమక్రమముగా బాధ్యతలు వహించుచు నేర్చుకొను పద్ధతిని ఆయన యచ్చట నెలకొల్పెను.

1897 లో ఒకనాడు హాల్‌స్టెడ్డు ఆసుపత్రి నడవలో యంగును కలిసికొని, మూత్రవ్యాధుల శాఖను ఆయన కప్పగించెను. ఆ శాస్త్రము తనకేమియు తెలియదని యంగు దాచక విన్నవించెను. ఆ సంగతి తామెఱుగుదుమనియు, అతడు నేర్చుకొనగలడని నమ్మియే నియమించితిమనియు గురువు బదులు చెప్పెను.

నాటినుండి యంగు అహోరాత్రములు శ్రమించెను. వృద్ధులైన పురుషులకు మూత్రాశయము క్రిందనుండు ప్రాస్టేటు గ్రంథి పెరుగును. అందుచే మూత్రము బంధింపబడి వారు దుర్భరమైన బాధ నొందుదురు. యంగు ఈ వ్యాధికి తగిన శస్త్రచికిత్సలను కల్పించెను. 1904 లో కాన్సరు సోకిన ఆ గ్రంథిని సమూలముగా తొలగించెను. ఆనాడు శిష్యుని ప్రక్కన సహాయకుడై నిలిచినవాడు హాల్‌స్టెడ్డే! గురువునకు ఇంతకన్న వేఱు ఆనందమేమి గలదు?

శరీరమును పైనుండి కోయకుండ మూత్రమార్గముననే పంపదగిన పనిముట్టును సైతము యంగు నిర్మించెను. రైలుబండ్ల సామగ్రి వర్తకుడగు జేమ్సు బుకానన్ బ్రేడీ ఇతర రోగములచేతను పీడితుడై యుండెను. 1912 లో యంగు ఆ పనిముట్టుతో ఆయనను స్వస్థపఱచెను. కృతజ్ఞుడైన బ్రేడీ యొసగిన ధనముతో మూత్రవ్యాధులకై ప్రత్యేక వైద్యాలయము నిర్మింపబడి 1915 లో తెఱువబడెను. అందు రోగులకు చికిత్సయు, యువవైద్యులకు శిక్షణయు, పరిశోధనయు ఒక్కచోటనే జరిగెను. 1917 లో యంగు ఈ శాస్త్రమునకై ఒక పత్రికను స్థాపించెను.

యంగు 1945 లో దివంగతుడయ్యెను. ఆ వైద్యాలయము నేటికిని రోగులను సేవించుచు, వైద్యులను తీర్చిదిద్దుచున్నది.

బాలబాలికలారా! తెలియకుండుట తప్పుగాదు; తెలిసినట్లు నటించుటయే తప్పు. తెలియదన్న మాట వెనుక నేర్చుకొనుదునన్న దీక్ష యుండవలెను. ఆ దీక్షను కనిపెట్టి పనిని అప్పగించుట పెద్దలమైన మా ధర్మమని మేము తలంచుచున్నాము.